జాజ్ నీరు, ఇనుము, రాగి : ఒక భ్రమ చరిత్ర

ద్రాక్ష, నిమ్మ, తమలపాకు తోటలు పెంచే మన రైతులకు మైలుతుత్తం కొత్త వస్తువు కాదు. దానిని సున్నంతో కలిపి బోర్డో మిశ్రమం తయారుచేసి తెగుళ్ళ నివారణకు చల్లుతారు. ఆ మిశ్రమం సరిగా కుదిరిందో లేదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. తోమిన చాకునో, కొడవలినో అందులో కాసేపు ముంచి పైకి తీస్తారు. ఇనుము మీద ఎర్రటి పూత కనిపిస్తే సున్నం ఇంకా చాలలేదని గ్రహించి మరికొంత కలుపుతారు. మైలుతుత్తాన్ని ఇనుప పాత్రలో కలపరాదని చెప్పడానికి కారణం కూడా ఇదే.

ఆ ఎర్రటి పూత రాగి. కొడవలిని మరింతసేపు ఉంచితే పూత దళసరి అవుతుంది. పలుచని ఇనుప రేకును చిక్కటి మైలుతుత్తపు నీటిలో రోజుల తరబడి ఉంచితే ఇనుము పూర్తిగా మాయమై, దాని స్థానంలో ఎర్రటి రాగి మిగులుతుంది. చూసినవారికి ఇనుమే రాగిగా మారిపోయిందనిపిస్తుంది. వేల సంవత్సరాలుగా మనుషులకు అలాగే అనిపించింది కూడా. అది నిజంగా మారిందా, లేక మారినట్లు కనిపించిందా అన్న ప్రశ్న రసాయనశాస్త్ర చరిత్రలో చిన్న ప్రశ్న కాదు. ముస్లిం విద్వాంసులు ఈ ప్రశ్నకు ఎంత దగ్గరగా వచ్చారు, ఎక్కడ ఆగిపోయారు అన్నది ఈ వ్యాసంలో పరిశీలించదలచాము.

ఈ పరిశీలన అవసరమనిపించడానికి ఒక కారణముంది. ఆధునిక పరిశ్రమలోని ప్రతి ప్రక్రియకూ మన పూర్వీకులలో ఒక మూలపురుషుణ్ణి వెతికి చూపడం మన రచనలలో అలవాటయింది. అభిమానంతో చేసే పనే అయినా, దానివలన వారికి గౌరవం కలుగకపోగా, వారు నిజంగా చేసిన పని మరుగున పడిపోతున్నది.

గుట్టలో జరిగే పని

ముందుగా విషయాన్ని స్పష్టం చేసుకోవాలి. భూమిలో రాగి ఎక్కువ భాగం గంధకంతో కలిసి దొరుకుతుంది. ఇలాంటి ఖనిజాలను సల్ఫైడులు అంటారు. వీటిలో రాగి, ఇనుము, గంధకం మూడూ కలిసిన చాల్కోపైరైట్ ముఖ్యమైనది. రాగి, గంధకం మాత్రమే గల చాల్కోసైట్ మరొకటి. వీటితోపాటు బంగారంలా మెరిసే పైరైట్ అనే ఇనుప ఖనిజం దాదాపు ఎల్లప్పుడూ ఉంటుంది. వీటిని కొలిమిలో కాల్చి, కరిగించి రాగి తీయడం ఒక పద్ధతి. అది చాలా ప్రాచీనమైనది. దానికి పుష్కలంగా కట్టెలో, బొగ్గులో కావాలి.

రెండవ పద్ధతిలో కొలిమి లేదు. సల్ఫైడు రాయి నీటిలో కరుగదు. కాని గాలి, తేమ తగిలి ఏండ్లు గడిస్తే పైరైట్ నుండి గంధకామ్లమూ, ఇనుప లవణాలూ పుడతాయి. గాలి సోకి పక్వమైన ఇనుప లవణానికి ఒక గుణముంది. అది రాగి సల్ఫైడును ఛేదించి, రాగిని సల్ఫేటుగా మార్చి నీటిలోకి దించుతుంది. ఆ సల్ఫేటే మన మైలుతుత్తం. అందుచేత గనుల నుండి ఊరే నీరు కొన్నిచోట్ల ఆకుపచ్చగానో, నీలంగానో ఉంటుంది. ఖనిజాన్ని గుట్టగా పోసి, పైన నీరు చల్లి, అడుగున ఊరివచ్చిన నీటిని పట్టుకోవడాన్ని నిక్షాళనం అంటారు. ఆ నీటిలో ఇనుము వేస్తే రాగి బయటపడుతుంది.

ఈ చివరి మెట్టులో జరిగేది ఒక మారకం. ఇనుము నీటిలోకి దిగుతుంది. నీటిలో ఉన్న రాగి పైకి వస్తుంది. నీటి నీలిరంగు తగ్గి లేత ఆకుపచ్చ రంగు వస్తుంది. మిగిలిన నీటిని ఇగిరిస్తే దొరికేది మైలుతుత్తం కాదు, అన్నభేది. అన్నభేది ఇనుప లవణం. కొడవలి నుండి పోయిన ఇనుము ఎక్కడికీ పోలేదు, ఆ నీటిలోనే ఉన్నది. ఇదంతా ఈనాడు పాఠశాల విద్యార్థికి తెలిసిన విషయం. కాని ఇది తెలియడానికి మానవజాతికి దాదాపు రెండువేల సంవత్సరాలు పట్టింది.

ముందు ఎవరు చూశారు?

ఇనుముతో రాగి రాబట్టడాన్ని గురించిన అతి ప్రాచీన ప్రస్తావన చైనాలో లభిస్తున్నది. క్రీస్తుపూర్వం 2వ శతాబ్దానికి చెందినదిగా భావించే హువాయ్‌నాన్ వాన్‌బి షు అనే గ్రంథంలో రాగి లవణం ఇనుమును తాకితే రాగి పుడుతుందన్న అర్థంలో ఒక మాట ఉంది. సోంగ్ వంశపు కాలంలో, అనగా 11వ శతాబ్దంలో, ఇది ప్రభుత్వ పరిశ్రమగా ఎదిగింది. నాణేలకు రాగి చాలక ప్రభుత్వం ఇబ్బందిపడుతున్న రోజులవి. జియాంగ్‌సీ ప్రాంతంలోని చియెన్‌షాన్ వంటి చోట్ల చేదునీటి ఊటలను తొట్లలోకి మళ్ళించి, పలుచని ఇనుప రేకులను పరచి, కొన్ని రోజుల తరువాత వాటిపై పేరుకొన్న ఎర్రని పొడిని గీకి కరిగించేవారు. ఏటా లక్షల జిన్ల రాగి ఇలా లభించేది. ఒక జిన్ రాగికి రెండు జిన్లకు పైగా ఇనుము ఖర్చవుతుందని ఆనాటి లెక్కలలో నమోదయింది. షెన్ కువో అనే పండితుడు 1088 ప్రాంతంలో రాసిన గ్రంథంలో, ఆ చేదునీటిని చాలాకాలం కాచిన ఇనుప బాణలి రాగిగా మారిపోతుందని పేర్కొన్నాడు. అంతటి సూక్ష్మపరిశీలకుడు కూడా ‘మారిపోతుంది’ అన్న మాటనే వాడడం గమనించదగినది.

మధ్యధరా ప్రాంతంలో మరొక దృశ్యం కనిపిస్తుంది. అక్కడ గని నీటి నుండి రాగిని కాక, ఆ లవణాన్నే సేకరించేవారు. క్రీ.శ. 1వ శతాబ్దపు రోమన్ రచయిత ప్లీనీ స్పెయిన్‌లో ఈ పని చూసినవారి మాటలు నమోదు చేశాడు. లవణపు నీటిని కాచి చెక్క తొట్లలో పోసి, పైనున్న దూలాల నుండి రాళ్ళు కట్టిన త్రాళ్ళు వ్రేలాడదీస్తే, వాటికి స్ఫటికాలు ద్రాక్షగుత్తుల్లా పట్టుకొనేవట.

మన యునానీ హకీములు జాలీనూస్ అని పిలిచే గ్రీకు వైద్యుడు గాలెన్ 166 ప్రాంతంలో సైప్రస్ ద్వీపానికి స్వయంగా వెళ్ళాడు. మందులలో వాడే ఖనిజాలను పుట్టినచోటే చూడాలన్నది ఆయన ఉద్దేశం. సోలి పట్టణం దగ్గర గని సొరంగంలోకి దిగి, ఆకుపచ్చని నీరు బొట్లు బొట్లుగా రాలడం చూశాడు. ఆ నీటిని కూలీలు పాత్రలలో పట్టి, గని ముంగిట ఉన్న తొట్లలో పోస్తే అది గట్టిపడి లవణమయ్యేది. లోపలి గాలి ఊపిరాడనీయనిది. కూలీలు పాత్రలు ఎత్తుకొని పరుగు పరుగున బయటికి వచ్చేవారని, వారి ఒంటిమీద బట్టలు కూడా నిలిచేవి కావని ఆయన వర్ణన వలన తెలుస్తున్నది. మందుల పుస్తకంలో కూలీల స్థితికి చోటిచ్చినందుకు ఆ వైద్యుణ్ణి మెచ్చుకోక తప్పదు.

కాబట్టి ఈ విద్యను మొదట కనుగొన్నవారు ముస్లింలని చెప్పడానికి వీలులేదు. జాబిర్ బిన్ హయ్యాన్ పేరుతో ప్రచారంలో ఉన్న వందలాది రచనలను ఆధారం చేసుకొని అటువంటి మాట అనాలని కొందరికి తోచవచ్చు. ఆ రచనలలో చాలా భాగం జాబిర్ కాలం తరువాత, 9, 10 శతాబ్దాలలో అనేకుల చేతుల మీదుగా రూపొందినవని 1942, 1943లలో పౌల్ క్రౌస్ వాదించాడు. ఆ చర్చ ఎలా ముగిసినా, చైనా గ్రంథం జాబిర్ కన్నా అనేక శతాబ్దాలు ముందుదన్న వాస్తవం మారదు.

పేర్లు పెట్టడం, వర్గాలుగా విభజించడం

మరి ముస్లిం విద్వాంసులు చేసినదేమిటి? మొదట వారు తమకు ముందున్నవారి మాటను శ్రద్ధగా విన్నారు. బాగ్దాదులో క్రైస్తవుడైన హునైన్ బిన్ ఇస్‌హాఖ్ (మరణం హిజ్రీ 260, క్రీ.శ. 873), ఆయన బృందం గాలెన్ గ్రంథాలను అరబీలోకి తెచ్చారు. వాటితో గని లవణాల పేర్లూ వచ్చాయి. గ్రీకులో ‘రాగి పువ్వు’ అన్న అర్థమిచ్చే ఖల్కాంథోన్ అరబీలో ఖల్‌ఖంద్ అయింది. ఈ జాతి లవణాలన్నింటికీ కలిపి జాజ్ అన్న పేరు స్థిరపడింది. మన హకీముల దుకాణాలలో కసీస్ అనే అన్నభేది, నీలా థోథా అనే మైలుతుత్తం ఈ కుటుంబంలోనివే.

ముహమ్మద్ బిన్ జకరియ్యా రాజీ (మరణం హిజ్రీ 313, క్రీ.శ. 925) తన కితాబుల్ అస్రార్‌లో ఖనిజ పదార్థాలను ఆరు వర్గాలుగా విభజించాడు. అవి వేడికి ఆవిరై లేచేవి, లోహాలు, రాళ్ళు, జాజ్‌లు, బూరఖ్‌లు, లవణాలు. ఇక్కడ గమనించవలసినది జాజ్‌లకు ప్రత్యేకంగా ఒక వర్గం దక్కడం. అవి నీటిలో కరిగినా మామూలు ఉప్పు కాదని, లోహంతో ఏదో సంబంధం ఉన్నా లోహం కాదని ఆయన గుర్తించాడు. ఆయన పుస్తకంలో మార్మికమైన మాటలు తక్కువ. పరికరాల పేర్లు, కాచే విధానం, వడకట్టే విధానం ఎక్కువ. వంటవాడు వంట చెప్పినట్లు చెప్తాడు. ఆయన లోహాల మార్పును నమ్మినవాడే. ఆ మార్పును తిరస్కరించిన అల్ కిందీని ఖండిస్తూ ఒక పుస్తకం కూడా రాశాడు. నమ్మకం ఏదైనా, పని పద్ధతి మాత్రం ప్రయోగశాల పద్ధతి.

అందలూస్‌లో, మలఖా నగరం నుండి బయలుదేరి ఊరూరా తిరిగి మందుమొక్కలను, ఖనిజాలను పరిశీలించిన ఇబ్నె బైతార్ (మరణం హిజ్రీ 646, క్రీ.శ. 1248) తన బృహద్గ్రంథం అల్ జామిలో జాజ్ గురించి గాలెన్ మొదలుకొని తనకు ముందున్నవారి మాటలను పేరుపేరునా ఉటంకించాడు. ఎవరు ఏమన్నారో వారి పేరుతోనే చెప్పడం ఆ గ్రంథమంతటా పాటించిన నియమం. హదీసు విద్యలో ఇస్నాద్‌కు అలవాటుపడిన సమాజంలో, మందుల పుస్తకానికి సైతం ఆ మర్యాద అంటుకోవడంలో వింత లేదు.

ఇబ్నె సీనా చెప్పిన మాట

ఇక ముఖ్యమైన ఘట్టానికి వస్తున్నాము. ఇబ్నె సీనా (హిజ్రీ 370–428, క్రీ.శ. 980–1037) తన కితాబుష్షిఫాలో ఖనిజాల గురించి ఒక భాగం రాశాడు. ఈ భాగాన్ని 1200 ప్రాంతంలో ఆల్ఫ్రెడ్ అనే ఆంగ్ల పండితుడు లాటిన్‌లోకి మార్చాడు. యూరపు పండితులు చాలాకాలం దానిని అరిస్టాటిల్ రచనగా పొరబడ్డారు. అరబీ మూలాన్ని, ఆంగ్లానువాదాన్ని కలిపి 1927లో హోమ్‌యార్డ్, మాండెవిల్ ప్రచురించారు.

ఆ భాగంలో ఇబ్నె సీనా జాజ్‌ల స్వభావాన్ని వివరిస్తాడు. ఆయన భావాన్ని మన మాటలలో చెప్పుకొంటే ఇలా ఉంటుంది. జాజ్‌లో లవణాంశం, గంధకాంశం, రాతి అంశం కలిసి ఉంటాయి. దానితోపాటు ఏదో ఒక లోహపు శక్తి కూడా అందులో ఉంటుంది. ముడి జాజ్‌లోని లవణాంశం నీటిలో కరిగి, లోహపు ఖనిజం నుండి ఆ శక్తిని గ్రహించి, మళ్ళీ గడ్డకడుతుంది. ఇనుపశక్తిని గ్రహించినది ఎరుపుగానో పసుపుగానో ఉంటుంది. రాగిశక్తిని గ్రహించినది ఆకుపచ్చగా ఉంటుంది.

ఈనాటి రసాయనశాస్త్రం కళ్ళతో దీనిని చూడండి. ఖనిజంలోని గంధకం, నీటిలో కరగడం, లోహం ఆ నీటిలోకి చేరడం, లోహాన్నిబట్టి రంగు మారడం, మళ్ళీ స్ఫటికం కావడం అన్నీ ఇందులో ఉన్నాయి. ‘శక్తి’ అన్న చోట ‘లోహం’ అన్న మాట పెడితే సల్ఫైడు ఖనిజ నిక్షాళనానికి ఇంతకన్నా మంచి స్థూలవర్ణన దొరకదు. కాని ఆ మాటను మనం పెట్టరాదు. ఆయన ‘శక్తి’ అన్నాడు. లోహమే పదార్థరూపంలో నీటిలో ఉన్నదని అనలేదు. ఆ రెండింటికీ మధ్య ఉన్న దూరం మాటలో చిన్నదే, భావంలో చాలా పెద్దది.

అదే భాగంలో ఆయన లోహాల మార్పును తిరస్కరించాడు. కీమియా పనివారు ఎర్రని లోహానికి తెల్లరంగు వేసి వెండిలా, పసుపురంగు వేసి బంగారంలా కనిపించేట్లు చేయగలరని, ఆ నేర్పు ఎంత గొప్పదంటే ఆరితేరినవారు కూడా మోసపోవచ్చునని ఒప్పుకొన్నాడు. కాని లోపలి జాతి మాత్రం మారదన్నాడు. రంగు, బరువు వంటివి ఒక వస్తువుకు అంటుకొన్న లక్షణాలు. వాటిని మార్చినంత మాత్రాన వస్తువు మరొకటి కాదు. అసలు జాతిభేదం ఏదో మనకు తెలియనప్పుడు దానిని మార్చామని ఎలా అనగలమన్నది ఆయన ప్రశ్న.

దీనిపై చర్చ ఆగలేదు. కవి, మంత్రి అయిన తుగ్రాయీ (మరణం 1121) ఇబ్నె సీనాను ఖండిస్తూ 1112లో ఒక గ్రంథం రాశాడు. తరువాత రెండున్నర శతాబ్దాలకు ఇబ్నె ఖల్దూన్ తన ముఖద్దిమలో ఈ వివాదానికి ప్రత్యేకంగా చోటిచ్చి, కీమియాను నిరాకరించాడు. ఆయన ఒక చమత్కారం కూడా చేశాడు. కీమియాను కాదన్న ఇబ్నె సీనా సంపన్నుడైన మంత్రి. దానిని ఔనన్న ఫారాబీ తిండికి కూడా తడుముకొన్న పేదవాడు. సిద్ధాంతం వెనుక జేబు కూడా ఉండవచ్చునన్నది ఆ చమత్కారంలోని సూచన. ఎవరి అభిప్రాయం ఏదైనా, ఈ ప్రశ్న మీద మూడు, నాలుగు శతాబ్దాలు బాహాటంగా వాదించుకొన్న సమాజాన్ని గుడ్డినమ్మకాల సమాజమని ఎవరూ అనలేరు.

త్రాసు వేరొక చోట ఉండిపోయింది

ఇనుము రాగిగా మారిందా అన్న ప్రశ్నను తేల్చగల సాధనం వాదం కాదు, త్రాసు. 56 గ్రాముల ఇనుము పూర్తిగా ఖర్చయితే సుమారు 63 గ్రాముల రాగి బయటపడుతుంది. ఇనుమే రాగి అయి ఉంటే ఆ ఎక్కువ బరువు ఎక్కడిదన్న ప్రశ్న పుడుతుంది. నీటిలో ముందు ఎంత రాగి ఉన్నది, తరువాత ఎంత మిగిలింది, ఆ నీటిలో కొత్తగా చేరినదేమిటి అని తూచి చూస్తే మారకం బయటపడుతుంది. గనులలో ఇలాంటి లెక్క కుదరడం కష్టం. అక్కడి నీటిలోని ఆమ్లం కూడా ఇనుమును తింటుంది కాబట్టి రాగి కన్నా ఇనుమే ఎక్కువ ఖర్చవుతుంది. చైనావారి లెక్కలో కనిపించినది అదే. శుభ్రమైన మైలుతుత్తంతో, చిన్న గిన్నెలో, జాగ్రత్తగా తూచినప్పుడే అసలు సంగతి తెలుస్తుంది.

అటువంటి త్రాసు మనవారి దగ్గర లేదా? ఉన్నది. ఇబ్నె సీనాతో ఉత్తరప్రత్యుత్తరాలలో శాస్త్రచర్చ జరిపిన అల్ బీరూనీ (హిజ్రీ 362–440, క్రీ.శ. 973–1048) లోహాలను, రత్నాలను నీటిలో ముంచి, పొర్లిన నీటిని తూచి, వాటి సాపేక్ష బరువులను నిర్ణయించాడు. బంగారం, రాగి, ఇనుము మొదలైనవాటికి ఆయన సాధించిన విలువలు ఈనాటి విలువలకు ఆశ్చర్యకరంగా దగ్గరగా ఉన్నాయి. అల్ ఖాజినీ హిజ్రీ 515 (క్రీ.శ. 1121–22)లో పూర్తిచేసిన మీజానుల్ హిక్మ అనే గ్రంథంలో ఆ పద్ధతులను భద్రపరచి, కల్తీ లోహాన్ని పట్టివ్వగల సున్నితమైన త్రాసును వర్ణించాడు.

అనగా ప్రశ్న ఇబ్నె సీనా దగ్గర ఉన్నది. త్రాసు బీరూనీ దగ్గర ఉన్నది. వడకట్టే పాత్రలు అంతకుముందే రాజీ దగ్గర ఉన్నాయి. నీలపు నీరు గనిలో ఉన్నది. కాని తత్త్వవేత్త జాతిభేదం గురించి ఆలోచించాడు. త్రాసు పట్టినవాడు నగలలోని కల్తీ గురించి ఆలోచించాడు. వైద్యుడు పుండుకు మందు గురించి ఆలోచించాడు. గని కూలీ ఆలోచనను అడిగినవారు లేరు. విద్య లేక కాదు, విద్యలు ఒకచోట కూడక ఈ ముడి విడిపోలేదు. మా అభిప్రాయంలో ఈ చరిత్రలో మనం నేర్చుకోవలసినది ఇక్కడే ఉన్నది.

సాలా విప్పిన ముడి

యూరపులో కూడా ఈ భ్రమ దీర్ఘకాలం సాగింది. నేటి స్లొవాకియాలోని స్మోల్నిక్ గని నీటిలో ఇనుమును వేసి రాగి తీసేవారు. అది లోహాల మార్పుకు ప్రత్యక్ష సాక్ష్యమని అనేకులు నమ్మారు. కళ్ళ ఎదుట జరుగుతున్నదానిని కాదనడం ఎలా?

1617లో ఆంజెలో సాలా అనే ఇటాలియన్ వైద్యుడు జాజ్‌ల గురించి ప్రచురించిన చిన్న గ్రంథంలో ఈ ముడి విడిపోయింది. మైలుతుత్తంలో రాగి, గంధకపు ఆమ్లం, నీరు ఉన్నాయని ఆయన దానిని విడదీసి చూపాడు. అంతటితో ఆగక, ఆ మూడింటినీ మళ్ళీ కలిపి, గని నుండి వచ్చినదానికి ఏ తేడా లేని మైలుతుత్తాన్ని తయారుచేశాడు. ఇనుము వేసినప్పుడు పైకి వచ్చే రాగి ముందే నీటిలో ఉన్న రాగి అని తేలిపోయింది. ఇబ్నె సీనా ‘శక్తి’ అన్నచోట సాలా ‘రాగి’ అన్నాడు. విడదీయడం, తిరిగి కలపడం అన్న రెండు పనులు ఆ ఒక్క మాటను సాధ్యం చేశాయి.

రంగు నది, నెత్తుటి రోజు

అందలూస్ భూమిపై ఈ పరిశ్రమకు మరొక అధ్యాయం ఉన్నది. స్పెయిన్ నైరుతి మూలన రియో టింటో, అనగా రంగు నది, ప్రవహిస్తున్నది. దాని నీరు పులుపు, రంగు ఎరుపు. సుమారు వంద కిలోమీటర్లు ప్రవహించి సముద్రంలో కలుస్తుంది. ఒడ్డున ముస్లింల కాలంలో లబ్లా అని పిలువబడిన నియేబ్లా పట్టణం ఉంది. ఎర్రమట్టితో కట్టిన దాని కోటగోడలు నేటికీ నిలిచి ఉన్నాయి. 1262లో అది కాస్తీల్ రాజు పదవ అల్ఫొన్సో వశమయింది. రోమన్లు పోసిన చిట్టెం గుట్టలు, తరువాతివారి తవ్వకాలు కలిసి ఈ గనుల చరిత్ర వేల ఏండ్లది.

18వ శతాబ్దం మధ్యలో ఇక్కడ ఇనుముతో రాగి రాబట్టే పని మొదలయింది. 1873లో ఈ గనులను ఒక బ్రిటిష్ కంపెనీ స్పెయిన్ ప్రభుత్వం నుండి కొనుక్కొన్నది. ఖనిజాన్ని బయలు ప్రదేశంలో పెద్ద గుట్టలుగా పేర్చి, నిప్పుపెట్టి, నెలల తరబడి కాలనిచ్చేవారు. కాలిన గుట్టను నీటితో కడిగి, ఆ నీటిలో ఇనుము వేసి రాగి తీసేవారు. ఖర్చు తక్కువ. కాని గంధకపు పొగ చుట్టూ ఉన్న ఊళ్ళను కప్పేసేది. పంటలు, చెట్లు మాడిపోయేవి. పొగ దట్టమై పని సాగని రోజులలో కూలీలకు కూలి కోత పడేది.

1888 ఫిబ్రవరి 4న రైతులు, గని కార్మికులు, వారి కుటుంబాలవారు కలిసి పొగ ఆపమని రియో టింటో ఊరి కూడలికి ఊరేగింపుగా వచ్చారు. సైనికులు గుంపుపై కాల్పులు జరిపారు. ప్రభుత్వ లెక్కలో మృతులు 13 మంది. అసలు సంఖ్య దానికి అనేక రెట్లు ఎక్కువని అక్కడి ప్రజలు చెప్పుకొంటూ వచ్చారు. స్పెయిన్‌లో ఆ సంవత్సరానికి ‘కాల్పుల ఏడు’ అన్న పేరు మిగిలిపోయింది. కాల్చకుండా గాలికీ నీటికీ వదిలి ఖనిజాన్ని పక్వం చేసే పద్ధతి తరువాత క్రమంగా ముందుకు వచ్చింది. గాలెన్ చూసిన కూలీల పరుగు, ఈ కూడలిలో పడిన శవాలు రాగి ధరలో కలవని ఖర్చులు. లోహపు చరిత్ర రాసేవారు ఈ పద్దును విడిచిపెట్టరాదు.

కంటికి కనిపించని పనివారు

గాలి, నీరు మాత్రమే ఈ పని చేస్తున్నాయని 20వ శతాబ్దం వరకు అనుకొన్నారు. 1947లో కోల్మర్, హింకిల్ అనే అమెరికన్ శాస్త్రవేత్తలు బొగ్గుగనుల పుల్లని నీటిలో ఇనుప లవణాన్ని పక్వం చేసే సూక్ష్మజీవులున్నాయని ప్రకటించారు. 1951లో వీటిలో ఒకదానికి థియోబాసిల్లస్ ఫెర్రో ఆక్సిడాన్స్ అని పేరు పెట్టారు. 2000లో దానిని అసిడిథియోబాసిల్లస్ అన్న కొత్త ప్రజాతిలోకి మార్చారు. ఇది ఇనుము, గంధకాల నుండే బలం తెచ్చుకొని, ఇతర ప్రాణులు బ్రతకలేని ఆమ్లంలో బ్రతుకుతుంది. మామూలుగా చాలా నెమ్మదిగా జరిగే మార్పును ఇవి అనేక వేల రెట్లు వేగవంతం చేయగలవు. సైప్రస్ సొరంగంలో, చైనా చేదుఊటలో, రంగు నదిలో పని చేసినవి ఈ జాతి జీవులే. మనిషి ఆ పనికి యజమాని అనుకొన్నాడు గాని, పనివాడెవరో అతడికి తెలియదు.

చివరి మెట్టు కూడా మారింది. 1968లో అమెరికాలోని ఆరిజోనాలో బ్లూబర్డ్ గని దగ్గర కొత్త పద్ధతి వాణిజ్యస్థాయిలో మొదలయింది. ఇందులో నీటిలోని రాగిని ఒక సేంద్రియ ద్రవంలోకి లాగి, శుద్ధమైన ఆమ్లంలోకి దించి, విద్యుత్తుతో పలకలపై పేరుస్తారు. తుక్కు ఇనుముతో పని లేదు. చిలీ మొదలైన దేశాలలో ఇది విస్తరించింది. అయితే ఇది అన్ని ఖనిజాలకూ సమానంగా పనికిరాదు. ఆక్సైడులు, చాల్కోసైట్ సులువుగా లొంగుతాయి. ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువగా దొరికే చాల్కోపైరైట్ మాత్రం కొంత కరిగిన తరువాత తన చుట్టూ ఒక పొర కప్పుకొని మొండికేస్తుంది. దానిని లొంగదీయడం కోసం పరిశోధనలు నేటికీ సాగుతున్నాయి. జాజ్ నీటి కథ ముగియలేదన్నమాట.

పూర్వీకులపట్ల న్యాయం

మొదట లేవనెత్తిన విషయానికి తిరిగి వద్దాము. దివ్యఖుర్ఆన్‌లో సులైమాన్ (అలైహిస్సలాం) కొరకు కరిగిన రాగి ఊటను ప్రవహింపజేసిన ప్రస్తావన సబా సూరాలో ఉన్నదని పాఠకులకు తెలుసు. రంగు నది గురించి చదివినప్పుడు, ఆ ఊట ఇదేనని, నిక్షాళన విద్య అందులో దాగి ఉన్నదని చెప్పాలన్న ఆశ కొందరికి కలుగవచ్చు. అది తొందరపాటు అవుతుంది. అక్కడ చెప్పబడినది అల్లాహ్ ఒక ప్రవక్తకు చేసిన అనుగ్రహం. దానికి గని ఇంజినీరు సాక్ష్యం అవసరం లేదు. ఈనాటి పద్ధతిని దానికి ముడివేస్తే, రేపు పద్ధతి మారినప్పుడు ముడి వేసినవాడు చిన్నబోవలసి వస్తుంది.

పూర్వీకుల విషయంలోనూ ఇదే నియమం. ఇబ్నె సీనాకు సాలా కీర్తిని తొడిగితే అది ఇనుముకు పూసిన రాగిపూత లాంటిది. చూపుకు ఎర్రగా ఉంటుంది, గీకితే లోపలిది బయటపడుతుంది. ఆయనకు తన సొంత లోహమే చాలు. కళ్ళను నమ్మవద్దని, రంగు మారినంత మాత్రాన జాతి మారదని, జాజ్‌లో లోహపు అంశ ముందే ఉన్నదని ఆయన తన కాలంలో ధైర్యంగా అన్నాడు. ఆ చివరి అడుగు ఆయన వేయలేదు. ఈ రెండు మాటలూ కలిపి చెప్పినప్పుడే ఆయనకు న్యాయం చేసినవారమవుతాము.

తూకంలో హెచ్చుతగ్గులు చేయవద్దన్న ఆజ్ఞ అంగడికే పరిమితం కాదు. చరిత్ర రాసేవాని చేతిలోనూ ఒక త్రాసు ఉంటుంది. తనవారి పళ్ళెంలో వేలు పెట్టి నొక్కడం తేలిక. బీరూనీ, ఖాజినీల వారసులమని చెప్పుకొనేవారికి అది తగదు. ఈసారి తోటలో కొడవలి మీద ఎర్రని పూత కనిపించినప్పుడు పక్కనున్న పిల్లవాడు, ఇనుము రాగి అయిందా అని అడిగితే వెంటనే జవాబు చెప్పకండి. ఆ నీటిని ఇగిరించి చూద్దామనండి. అడుగున మిగిలిన అన్నభేది వాడికి మనకన్నా బాగా జవాబు చెప్తుంది.